ఆరు గంటల సున్నా

నా తమ్ముణ్ణి చంపినవాళ్ళు దొరికితే ముందు నా చేత్తో చెంప పగలగొట్టి, ఆ తర్వాతే పోలీసులకు అప్పగించాలని పదిహేను రోజుల కిందట ఒట్టు పెట్టుకున్నాను. అప్పటికి కాలేబు సమాధి మట్టి నా గోళ్ళలోంచి పోలేదు. పగ దేవుడికి వదిలెయ్యమని మా అమ్మ ప్రేమమ్మ ఏడుస్తూ చెప్పింది. దేవుడికి సవాలక్ష పనులుంటాయి, ఈ ఒక్కటీ నేను చూసుకుంటానన్నాను.

నా పేరు ప్రిస్కిల్లా. పదకొండేళ్ళు ఎస్సైగా చేసి, పైవాళ్ళతో పడక ఉద్యోగం వదిలేసి, నరసరావుపేటలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. ఈ కేసులో నన్ను పెట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. కాలేబు అజాగ్రత్త వల్లే పేలుడు జరిగిందని బుధవారం ఒంటిగంటకు పోలీసులు రిపోర్టు ఇవ్వబోతున్నారు. ఆలోగా నా తమ్ముడి పేరు మీద మచ్చ తుడవాలి. ఆ మచ్చ వేసినవాణ్ణి పట్టుకోవాలి.

బుధవారం పగలు పదకొండూ ఇరవైకి, గురజాల దాటాక క్వారీలకు పోయే రోడ్డు మలుపులో ఉన్న చెక్‌పోస్టు దగ్గర స్కూటీ ఆపాను. అక్కడ ఒక రేకుల షెడ్డు, షెడ్డు పక్కన మందపాటి కాంక్రీటు గోడ, గోడ అవతల చిన్న గది. షెడ్డులో ఉన్న యంత్రం పేరు జల్లెడ. క్వారీల్లోంచి బండలు పేల్చే జెలటిన్ కడ్డీలు దొంగతనంగా అటూ ఇటూ పోతున్నాయని, దాన్ని ప్రయోగం కింద మూడు నెలల కిందట అక్కడ పెట్టారు. బండి షెడ్డులోకి వస్తుంది. డ్రైవరు దిగి రోడ్డవతల టీకొట్టుకు పోతాడు. మూడు నిమిషాలు యంత్రం ఆ బండిని చూస్తుంది. పేలుడు మందు ఉంటే ఎర్రలైటు, లేకపోతే పచ్చలైటు.

పదహారు రోజుల కిందటి సోమవారం ఇరవైమూడు బండ్లకు పచ్చలైటే పడింది. ఆ మధ్యాహ్నం ఒంటిగంటా అయిదుకు, నాలుగు కిలోమీటర్ల అవతల క్వారీ యజమాని ధనుంజయరావు క్రషర్‌లో, మెస్ వాకిట్లో పేలుడు జరిగింది. చచ్చిపోయింది ఒక్కడే. యంత్రం చూసుకునే టెక్నీషియన్ కాలేబు.

టీకొట్టు అలివేలమ్మ నన్ను చూడగానే గ్లాసు నింపింది. పక్కన పెద్ద డేగిసాలో సాంబారు ఉడుకుతోంది.

"తాగు తల్లీ. ముఖం ఎట్టా పీక్కుపోయిందో చూడు. బంగారం లాంటి పిల్లోడు మీవాడు. పిన్నీ పిన్నీ అని నా చుట్టూనే తిరిగేవాడు."

"ఇంత వంట ఏంది పిన్నీ?"

"క్రషర్‌లో ఇయ్యాల పెద్దోళ్ళకి భోజనాలంట. రోజూ మెస్‌కి పంపేది నేనేగా. సెంటు భూమి లేనిదాన్ని, ఈ గరిటే నా పొలం." కొంగుతో చెమట తుడుచుకుంది. "నా కొడుకు రాజేష్ కూడా క్వారీలోనే పోయాడు. రెండేళ్ళయింది. నీ కడుపులో మంట నాకు తెలుసమ్మా."

ఆ మాటకు నా కళ్ళు చెమర్చాయి. పదహారు రోజుల్లో నన్ను కూచోబెట్టి మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

గదిలో హిమజ నాకోసం ఎదురుచూస్తోంది. జల్లెడను తయారుచేసిన ఇంజనీరు. ముప్ఫై నాలుగేళ్ళది, ఆరేళ్ళు ఆ యంత్రం కోసమే బతికింది. ఒంటిగంట మీటింగులో దాన్ని పనికిరానిదని తేల్చేస్తారని రాత్రంతా నిద్రపోలేదట.

"సున్నా సంగతి మళ్ళీ చెప్పు. నాకు అర్థమయ్యేట్టు," అన్నాను.

"యంత్రం న్యూట్రాన్లు వదులుతుంది అక్కా. అవి నత్రజనికి తగిలితే ఒక రకం గామా కిరణాలు పుడతాయి. వాటిని ఈ డిటెక్టర్లు లెక్కపెడతాయి. పేలుడు మందులో నత్రజని ఎక్కువ కాబట్టి లెక్క పెరిగితే ఎర్రలైటు. కానీ గాలిలోనూ నత్రజని ఉంది. అందుకని రోజూ పొద్దున ఆరింటికి షెడ్డు ఖాళీగా ఉంచి రెండు నిమిషాలు నడుపుతాం. అప్పుడు వచ్చినదాన్ని సున్నా అనుకోమంటాం. గిన్నె బరువు తీసేసి పాలు తూచినట్టు."

"మరి ఆ సోమవారం?"

"సున్నా చాలా ఎక్కువ పడింది. ఆరోజు బండ్లన్నీ సున్నా కన్నా తక్కువ చూపించాయి. ఖాళీ బండ్లు కూడా. ఏమీ లేనిదానికన్నా తక్కువ ఎట్లా ఉంటుంది? గురజాల ఆఫీసులో కూచున్న కాలేబు పన్నెండూ నలభైకి కంప్యూటర్లో అది చూశాడు. చూసి బయల్దేరాడు."

"యంత్రం పాడయిందేమో?"

"లేదు. మర్నాడే పరీక్ష పెట్టె పెట్టి చూశాను." బల్ల కింద ఉన్న నీలం పెట్టె చూపించింది. అందులో మెలమిన్ పొడి ఉంటుంది. పేలదు గానీ, నత్రజని నిండుగా ఉండటం వల్ల యంత్రం దాన్ని పేలుడు మందే అనుకుంటుంది. "ఎర్రలైటే పడింది."

రిజిస్టరు తెరిచాను. ఆ సోమవారం గీతలో '6.02, సున్నా సరి' అని రాసి, కాలేబు సంతకం ఉంది. పోలీసులు పట్టుకున్నది ఆ సంతకాన్నే.

షెడ్డులోకి వెళ్ళి నేలంతా మోకాళ్ళ మీద వెతికాను. యంత్రం ముందు దుమ్ములో బరువైనవి దింపినట్టు చదునైన గుర్తులు కొన్ని. సిమెంటు పగుల్లో తెల్లటి పూసలు, ఆవాలంత. ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపాను. పల్నాడులో పుట్టిన ఎవరికైనా అదేంటో చెప్పక్కర్లేదు. యూరియా. బస్తా మీదే రాసి ఉంటుంది, నలభై ఆరు శాతం నత్రజని అని. నాలుగు పూసలు చేతిరుమాల్లో కట్టాను. పొడిగా, గుండ్రంగా, గట్టిగా ఉన్నాయి.

పదకొండూ నలభై అయిదుకు జీపు వచ్చి ఆగింది. దిగింది సీఐ రాజీవ్. ట్రైనింగులో నా బ్యాచే. పరుగులో నా వెనక, రిపోర్టులు మార్చి రాయడంలో అందరికన్నా ముందు.

"ప్రిస్కిల్లా గారూ, లేచి నిలబడండి. మోకాళ్ళ నొప్పులొస్తాయి ఈ వయసులో. ఇది సర్కారు చెక్‌పోస్టు, మీ ఏజెన్సీ బోర్డు ఇక్కడ చెల్లదు."

"మీ బోర్డు పదహారు రోజుల్నుంచి చెల్లుతుందిగా. ఏం పీకారు రాజీవ్ గారూ?"

"కేసు తేల్చాం. మీ తమ్ముడు సున్నా తప్పు పట్టాడు. ఎవడో లారీవాడు దొంగ జెలటిన్ పట్టుకుపోయాడు. అది క్రషర్ దగ్గర పేలింది. ధనుంజయరావు గారికి ఏ సంబంధమూ లేదు."

"ఏ లారీ? నంబరు చెప్పండి."

"అదే తేలాలి."

"అంటే తేల్చలేదన్నమాట. కాలేబు అక్కడికి ఎందుకు పోయాడు?"

రాజీవ్ నవ్వాడు. "అన్నానికి. చేతిలో సాంబారు క్యాన్ పిడి దొరికింది, పోస్ట్‌మార్టంలో రాశారు చదువుకోండి. చచ్చేటప్పుడు కూడా క్యాను వదల్లేదు."

"వాడు తినని క్యారేజీ గురజాల ఆఫీసులో, వాడి సంచిలో దొరికింది. అమ్మ కట్టిచ్చింది. మూత కూడా తియ్యలేదు."

"మెస్‌లో కోడికూర అనుంటారు. వాసనకి పోయుంటాడు."

నా చెయ్యి లేచింది. హిమజ మధ్యలో పడి పట్టుకోకపోతే నేను ఆ పూట లాకప్‌లో ఉండేదాన్ని.

"ఒంటిగంటకు క్రషర్ గెస్ట్‌హౌస్‌లో మీటింగు. విచారణ ఆఫీసర్లు, ధనుంజయరావు గారు, నేను. భోంచేసి సంతకాలు పెట్టేస్తాం," అని హిమజ వైపు తిరిగాడు. "మేడం, మీరు జీపెక్కండి. మీరూ సంతకం పెట్టాలి."

హిమజ నా వైపు దీనంగా చూసి జీపెక్కింది. ధనుంజయరావు బల్ల దగ్గర, ధనుంజయరావు అన్నం తింటూ, నా తమ్ముణ్ణి దోషిని చేస్తారు. అసలు మందు తెప్పించింది ఆ ధనుంజయరావే అని నా గట్టి నమ్మకం. అప్పటికి.

చెక్‌పోస్టులో మిగిలింది ఆపరేటరు అబ్రహాము. అరవై దాటిన మనిషి, మా చర్చి పెద్ద. కాలేబే ఆయనకు ఈ ఉద్యోగం ఇప్పించాడు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు మిర్చి లారీలు తూచే కాటా దగ్గర పనిచేశాడు.

"బాబాయ్, ఆ సోమవారం సున్నా ఎవరు పట్టారు?"

"కాలేబేనమ్మా. సంతకం ఉందిగా." నా ముఖం చూడకుండా చెప్పాడు.

కాలేబు సంచిలో దొరికిన బస్సు టికెట్ బల్ల మీద పెట్టాను. "ఆదివారం వాడు అమ్మ దగ్గరే పడుకున్నాడు. సోమవారం నరసరావుపేటలో బస్సెక్కాడు. టికెట్ మీద టైం చదువు."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఆరూ పది."

"ఆరూ రెండుకి ఇక్కడ సున్నా పట్టి, ఎనిమిది నిమిషాల్లో నరసరావుపేట పోయి బస్సెక్కాడా బాబాయ్? రెక్కలేమైనా ఉన్నాయా మావాడికి?"

బయట ఆటో చప్పుడయింది. అలివేలమ్మ పంపే భోజనాల ఆటో, వెనక మూడు పెద్ద స్టీలు క్యాన్లు. అబ్రహాము లేచి, బతికిపోయినట్టు మీట నొక్కాడు. పన్నెండూ పదికి పచ్చలైటు పడింది. ఆటో క్రషర్ దారి పట్టింది. మాట మధ్యలో అడ్డొచ్చిందని దాన్ని తిట్టుకుని మళ్ళీ కూచున్నాను.

అరగంట సేపు ఆయన మాట దాటేశాడు. కాలేబు లేని రోజు వాడి సంతకం తనే పెడతానని ఒప్పుకున్నాడు, అంతే. అప్పుడు నేను ఫోన్ కంపెనీ ఇచ్చిన కాగితం తీశాను.

"పన్నెండూ నలభై నాలుగుకి కాలేబు నీకు ఫోన్ చేశాడు. ముప్ఫై ఎనిమిది సెకండ్లు. ఏమడిగాడు?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పొద్దున సున్నా పట్టేటప్పుడు షెడ్డులో ఏమైనా ఉందా బాబాయ్ అని అడిగాడమ్మా."

"నువ్వేం చెప్పావు?"

"ఏం లేదన్నా."

"ఏముంది?"

"యూరియా. ఎనిమిది బస్తాలు." ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "యూరియా దొరకట్లేదుగా. జనం లైన్లో చెప్పులు పెట్టి రెండ్రోజులు పడిగాపులు కాస్తున్నారు. బయట పెడితే ఎత్తుకుపోతారు, తెల్లారిందాకా షెడ్డులో ఉంచు అన్నయ్యా అని బతిమాలితే సరే అన్నా. ఆరింటికి బస్తాలు అక్కడే ఉన్నాయి. కాటా మీద ఏ గన్నీ సంచి ఉన్నా, ఏ రాయి ఉన్నా ముందు సున్నా చేసి తూయడం ఇరవై రెండేళ్ళ అలవాటు నాది. ఇదీ అంతే అనుకున్నా. సున్నా నొక్కా. ఏడింటికి బస్తాలు తీసేశారు."

"మరి వాడు అడిగినప్పుడు చెప్పడానికి నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"ఉద్యోగం పోద్దని భయమేసిందమ్మా."

ఆ ఒక్క నిజం చెప్పి ఉంటే కాలేబు పన్నెండూ నలభై నాలుగుకే బయల్దేరేవాడు. ఈయన మాట నమ్మి కంప్యూటర్లో లెక్కలన్నీ మళ్ళీ సరిచూసుకుని, ఆఫీసులోంచి దిగింది పన్నెండూ యాభైకి. ఆఫీసు బైకు మీద వాడు ఈ గేటు దాటింది పన్నెండూ యాభై ఏడుకి. గేటు కెమెరాలో ఉంది. ఆ ముసలాయన గొంతు పట్టుకోవాలనిపించింది నాకు. నా పెళ్ళిలో ప్రార్థన చేసిన గొంతు అది. బల్ల అంచు పట్టుకుని ఆగాను.

"బస్తాలు ఎవరివి? ధనుంజయరావు మనుషులవా?"

"కాదమ్మా. పేదరాలు. ఆమెకేం తెలవదు, ఆమె జోలికి పోమాక."

నేను చేతిరుమాలు విప్పాను. పూసలు గుండ్రంగా, గట్టిగా ఉన్నాయి. నా బుర్రకు అప్పుడు తట్టింది. మొన్న ఆదివారం వాన పడింది. పదహారు రోజుల కిందటి యూరియా ఈపాటికి ఎప్పుడో తడి పీల్చి కరిగిపోయి ఉండాలి.

నీలం పెట్టె తీసుకెళ్ళి యంత్రం ముందు పెట్టి, గోడ అవతలికి వచ్చి మీట నొక్కాను. మూడు నిమిషాలు గడిచాయి.

పచ్చలైటు పడింది.

"బాబాయ్, ఇయ్యాల కూడా పెట్టావా బస్తాలు?"

ఆయన తల ఊపాడు. "రాత్రి తెచ్చింది. ఆమె పొలానికేనంట. మర్నాడు మిషను బాగానే ఉందన్నారుగా, బస్తాల వల్ల కాదనుకున్నా. అలివేలమ్మ చెప్తే కాదనలేకపోయా."

అలివేలమ్మ. సెంటు భూమి లేని అలివేలమ్మకు ఎనిమిది బస్తాల యూరియా. అబ్రహాము సత్తెనపల్లి వైపు మనిషి, ఆమెకు పొలం లేదని ఆయనకు తెలియదు. నాకు ఆమే స్వయంగా చెప్పింది, టీ గ్లాసు చేతికిస్తూ. నేను కళ్ళు చెమర్చుకుంటూ తాగాను.

గడియారం చూశాను. పన్నెండూ యాభై.

రోడ్డు దాటాను. అబ్రహాము నా వెనకే వచ్చాడు. పొయ్యి ఆరిపోయి ఉంది. అలివేలమ్మ గ్లాసులు కడుగుతోంది.

"పిన్నీ, నీ పొలం ఏ ఊళ్ళో ఉంది?"

ఆమె చెయ్యి ఆగలేదు. "తెలిసిందా. నువ్వు కనిపెడతావని అనుకుంటానే ఉన్నా."

"బస్తాలు ఎక్కడివి?"

"నా టీ తాగని రైతు ఎవడున్నాడు? తలా ఒకటి అడిగా, రెండ్రోజుల్లో తిరిగిస్తానని." గ్లాసు బోర్లించింది. "మిషను కాటా లాంటిది పిన్నీ, ఏదుంటే అదే సున్నా అనుకుంటది అని నీ తమ్ముడే చెప్పాడు. యూరియా లారీకి ఎర్రలైటు పడితే, ఎందుకు పడిందని నేనడిగా. పాపం నవ్వుకుంటా చెప్పాడు."

"మందు?"

"మా ఆయన క్వారీలో మందు పేల్చే మనిషి. ఆయన దగ్గర నేర్చుకున్న పని, ఆయన దాచిన కడ్డీలు. మందు పేలకుండా మిగిలిన గుంటలోకి నా రాజేష్‌ని దిగమన్నది ధనుంజయరావు. వాడు దిగాడు, అది పేలింది. ఆ తర్వాత జెలటిన్ దొంగతనానికి వచ్చి చచ్చాడని కాయితం రాయించాడు. నా కొడుకు చచ్చీ దొంగయ్యాడు. ఆ కాయితం రాసిందెవరో తెలుసా తల్లీ? నీ రాజీవే." మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "ధనుంజయరావు ఒంటిగంటకు మెస్‌లో ఒక్కడే కూచుని తింటాడు. ఆయన ఒక్కడి కోసమే ఆ క్యాను. నీ తమ్ముడు నా లెక్కలో లేడు. ఎట్టా వచ్చి పడ్డాడో ఇప్పటికీ నాకు తెలవదు."

నాకు తెలిసింది. ఆరోజు అన్ని బండ్లూ సున్నా కన్నా తక్కువ చూపిస్తే, మెస్‌కి పోయే భోజనాల ఆటో మాత్రం మిగతావాటికన్నా ఎక్కువ చూపించి ఉంటుంది. కాలేబుకు అది చాలు. వాడు అన్నానికి పోలేదు. క్యాను పిడి పట్టుకుని, అందరికీ దూరంగా మెస్‌లోంచి బయటికి మోసుకొచ్చాడు. అందుకే చచ్చింది వాడొక్కడే. దాన్ని కోడికూర వాసన అన్నాడు రాజీవ్.

"కూచో తల్లీ," అంది అలివేలమ్మ, స్టూలు జరిపి. "ఇంకో పది నిమిషాలు. ఇయ్యాల ఒకే బల్ల దగ్గర ఇద్దరూ ఉన్నారు. నీదీ నాదీ ఒక్కసారే తీరుద్ది. నువ్వేం చెయ్యక్కర్లేదు, ఊరికే కూచో."

నిజం చెప్తాను. కూచున్నాను. ధనుంజయరావు ముఖం, రాజీవ్ నవ్వు నా కళ్ళ ముందుకొచ్చాయి. నా తమ్ముణ్ణి చంపిన చేతులు నా పక్కనే గ్లాసులు కడుగుతున్నాయి, అయినా కూచున్నాను. ఆ రెండు మూడు ఊపిర్లు నేను బతికున్నన్నాళ్ళూ నన్ను వదలవు.

"హిమజ కూడా అక్కడే ఉంది," అన్నాను.

ఆమె చేతిలో గ్లాసు ఆగింది. కాసేపటికి మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

నేను లేచి ఫోన్ తీశాను. రాజీవ్ నంబరు మోగి మోగి ఆగిపోయింది. హిమజదీ అంతే. మందు పేల్చే చోటు కాబట్టి క్రషర్ గేటు దగ్గరే అందరి ఫోన్లూ బుట్టలో పెట్టించుకుంటారు. కాలేబు ఫోన్ చెయ్యకుండా బైకేసుకుని పరుగెత్తింది కూడా అందుకే.

ఒట్టు గుర్తొచ్చింది. అలివేలమ్మ చెంప మీద ఒక్కటి కొట్టాను. గ్లాసు కిందపడి పగిలింది. ఆమె చెంప తడుముకోలేదు, ఏడవలేదు.

"మిగతాది తిరిగొచ్చాక," అన్నాను. "బాబాయ్, ఈమెను కదలనివ్వమాక. స్టేషన్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పు. ఈసారన్నా నిజం చెప్పు."

అబ్రహాము ఏడుస్తూ గేటు ఎత్తాడు. స్కూటీ స్టార్ట్ చేసి చూస్తే పన్నెండూ యాభై ఏడు. కాలేబు ఈ గేటు దాటిన నిమిషం అది. నాలుగు కిలోమీటర్ల గుంతల దారి, ఒంటిగంటా అయిదుకి ఎనిమిది నిమిషాల టైము.

వెనక నుంచి అలివేలమ్మ గొంతు వినిపించింది. అరవలేదు, మామూలుగానే చెప్పింది.

"ఆరోజు క్యాను ఒక్కటే తల్లీ. ఇయ్యాల మూడు పంపా. ఎందులో పెట్టానో మాత్రం చెప్పను."